తెల్లచేయు మందు ఎంత పోయవలెను?

మా తొమ్మిదవ తరగతిలో జరిగిన యొక ప్రయోగము

బట్ట వెలగలది కానక్కరలేదు. శుభ్రముగ నుండిన చాలును. చేవెళ్ళ, మొయినాబాదు ప్రాంతముల గ్రామములనుండి మట్టిదారులవెంట నడచి పాఠశాలకు వచ్చు విద్యార్థులకు ఈ మాటయొక్క విలువ బాగుగ తెలియును. వానకాలమున బురద, వేసవియందు దుమ్ము, మధ్యాహ్న భోజనవేళ పప్పుచారు – వీనిలో నేదో యొకటి మన చొక్కాలపై ప్రతిదినము తన గుర్తును విడిచి పోవుచుండును. ఈ మరకలను పోగొట్టుటకై నేడు ప్రతి కిరాణా కొట్టులోను తెల్లచేయు ద్రవము, అనగా బ్లీచు, దొరకుచున్నది. దాని గాఢత హెచ్చినకొలది బట్ట రంగు ఎట్లు మాఱునో తెలిసికొనుటకై ఈ సంవత్సరము మా తొమ్మిదవ తరగతివారము ఒక ప్రయోగము చేసితిమి. ఆ వృత్తాంతమును, దానివలన మేము నేర్చుకొన్న సంగతులను ఇందు వివరించుచున్నాము.

ప్రయోగమునకు కారణము

ఈ ప్రయోగము పాఠ్యపుస్తకమునుండి పుట్టినది కాదు. మా తరగతిలోని యొక బాలుని తల్లి చేవెళ్ళలో బట్టలుతికి జీవనము చేయుచున్నది. ఆ బాలుని లేతనీలపు నూలుచొక్కా జేబుపై పసుపు మరక పడెను. మరునాడు పాఠశాలలో శుభ్రతా పరీక్ష యుండెను. తల్లికి చెప్పుటకు జంకి, అతడు ఆ రాత్రి సీసాలోని బ్లీచును నీరు కలుపక మరకపై పోసి, చొక్కాను తొట్టిలో నుంచి నిద్రించెను. తెల్లవారునప్పటికి మరక పోయెను. దానితోకూడ అచ్చటి నీలమును పోయి, అఱచేయి వెడల్పున తెల్లని మచ్చ యేర్పడెను. మూడు వారములు గడచిన పిదప, ఆటస్థలమున చేయి పైకెత్తినంతనే చొక్కా సరిగా ఆ తెల్లని చోటనే చినిగిపోయెను.

తలిదండ్రుల సమావేశమునకు వచ్చినపుడు ఆ తల్లి మా సామాన్యశాస్త్ర ఉపాధ్యాయులను ఇట్లడిగెను: “సారూ, మందు ఎక్కువ పోస్తే మరక జల్ది పోతదని అందరు అంటరు. మరి బట్ట ఎందుకు చినిగె? ఆటల్ల చింపుకొచ్చి అబద్ధమాడుతున్నడని నేను పిల్లగాణ్ణి కొట్టిన. తప్పు మందుదా, వానిదా?”

ఉపాధ్యాయులు వెంటనే ప్రత్యుత్తర మీయలేదు. “అమ్మా, ఈ ప్రశ్నను పిల్లలకే ఇచ్చెదను, వారు పరీక్షించి చెప్పుదురు” అని, మరునాడు దానిని నల్లబల్లపై వ్రాసిరి. మా ప్రయోగమునకు మూలమిదియే.

మందు స్వభావము

మొదట బ్లీచు అనగా నేమో తెలిసికొనవలెను. ఇండ్లలో వాడు ద్రవమునందు ముఖ్యముగ నుండు పదార్థము సోడియం హైపోక్లోరైటు. కాస్టిక్ సోడా ద్రావణమునకు క్లోరిన్ వాయువును పట్టించిన ఇది యేర్పడును. మేము కొన్న సీసాపై నూటికి 4 వంతుల బలమని ముద్రింపబడియుండెను. గ్రామములలో త్రాగునీటి బావులయందు చల్లు బ్లీచింగు పౌడరు దీనికి దగ్గరి చుట్టమే. అది తడిసున్నమునకు క్లోరిన్ పట్టించి చేయబడినది.

ఈ మందు మరకను కడిగి తీసివేయునని పలువురు తలతురు. అట్లు కాదు. సబ్బు మురికిని బట్టనుండి విడదీసి నీటితో పంపును. బ్లీచు రంగుకణమును అచ్చటనే ఆమ్లజనితో కలిపి దాని నిర్మాణమును త్రెంచును. రంగుకణములోని కొన్ని ప్రత్యేకమైన బంధములు వెలుగులో కొంత భాగమును పీల్చుకొనుటచేతనే మన కంటికి రంగు గోచరించుచున్నది. ఆ బంధములు తెగిన వెనుక కణపు ముక్కలు బట్టపై మిగిలియున్నను వానికి రంగుండదు. కావున బ్లీచు చేయు పని కడుగుట కాదు, త్రెంచుట. ఈ మాటను చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను. కథ ముగింపున దీనితో పనియున్నది.

ప్రయోగ విధానము

మొయినాబాదు బజారులోని యొక దర్జీ దుకాణమున మిగిలిన ముదురు నీలపు నూలుగుడ్డను తెచ్చుకొంటిమి. ముక్కలన్నియు ఒకే తానులోనివి. క్రొత్తగుడ్డకు గంజి యుండును గనుక ముందుగా సబ్బుతో ఉతికి, నీడను ఆరవేసి, 5 సెంటీమీటర్ల చదరములుగా కత్తిరించితిమి.

ఆఱు గాజుపాత్రలకు అ, ఆ, ఇ, ఈ, ఉ, ఊ అని పేరులంటించితిమి. ప్రతి పాత్రలోను ద్రవము మొత్తము 160 మిల్లీలీటర్లు. ‘అ’ పాత్రలో వట్టి నీరు. ‘ఆ’ యందు 10 మిల్లీలీటర్ల బ్లీచు, తక్కినది నీరు. ‘ఇ’ యందు 20, ‘ఈ’ యందు 40, ‘ఉ’ యందు 80 మిల్లీలీటర్ల బ్లీచు. ‘ఊ’ యందు నీరు లేదు. 160 మిల్లీలీటర్లును బ్లీచే. ఈ విధముగ ‘ఆ’ మొదలు ఒక్కొక్క పాత్రలోని మందు ముందుదానికి రెట్టింపగుచు, పదునాఱవ వంతునుండి పూర్తి బలమువఱకు పెరిగినది.

ఒక్క గాఢత తప్ప మఱేదియు మాఱరాదను నియమమును గట్టిగ పాటించితిమి. నీరంతయు ముందటి రాత్రినుండి అదే గదిలో నుంచినది గనుక వేడి సమానము. గుడ్డ సమానము, ద్రవపు కొలత సమానము. నిమిషమున కొక్కసారి గాజుకడ్డీతో త్రిప్పుటయు సమానమే. ‘అ’ పాత్రలోని వట్టి నీరు ఎందులకని కొందఱు బాలురు నవ్విరి. రంగు నీటివలననే పోవుచున్నదో, మందువలన పోవుచున్నదో తేల్చుటకు అది సాక్షి. అట్టి సాక్షి లేని ప్రయోగము వాది మాట మాత్రమే విని చెప్పిన తీర్పువంటిది.

రంగును కొలుచుట యెట్లు? తూచుటకు బరువు లేదు, కొలుచుటకు పొడవు లేదు. నీలిరంగును కొలతప్రకారము నీటిలో పలుచన చేయుచు, తెల్లకాగితముపై ముదురునుండి తెలుపువఱకు పది మెట్లు పూసి, ఒక రంగుపట్టిక తయారుచేసితిమి. గుడ్డముక్కను పాత్రనుండి తీసి, జాడించి, ఆ పట్టికతో సరిపోల్చు పనిని ముగ్గురు బాలికల కప్పగించితిమి. ఏ ముక్క ఏ పాత్రలోనిదో వారికి తెలియనీయలేదు. తెలిసినచో, కన్ను మనస్సు కోరినదానినే చూచును. ముగ్గురిలో నిద్దఱు చెప్పిన మెట్టునే వ్రాసికొంటిమి.

ఫలితములు

గుడ్డ సగము రంగు కోల్పోవుటకు, అనగా పట్టికలో అయిదవ మెట్టునకు దిగుటకు, పట్టిన కాలమిది:

అ – వట్టి నీరు: గంటసేపటికిని మార్పు లేదు.
ఆ – 16వ వంతు బలము: 43 నిమిషములు.
ఇ – 8వ వంతు బలము: 20 నిమిషములు.
ఈ – 4వ వంతు బలము: 9 నిమిషములు.
ఉ – సగము బలము: 4 నిమిషములు.
ఊ – పూర్తి బలము: 2 నిమిషములు.

బలము సగమైనకొలది కాలము రమారమి రెట్టింపగుచున్నదని గణితము తెలిసిన బాలు రెల్లరును గుర్తించిరి. పలుచని మందు పనిచేయదని పెక్కుమంది ముందుగా కాగితములపై వ్రాసియుండిరి. అది తప్పని తేలెను. పలుచని మందును చిక్కని మందు చేసిన పనినే చేసినది. తొందర మాత్రము లేదు.

“అట్లయిన చిక్కని మందు వాడుటయే మేలు గదా! రెండు నిమిషములలో పనియగును” అని ఒకడు పలికెను. దానికి ప్రతిగా ఒక బాలిక చెప్పిన మాట మా ప్రయోగమంతటిలోను ముఖ్యమైనది. “పూర్తి బలములో ఒక నిమిషము ఆలస్యమైనచో అది కావలసిన కాలములో సగము. ఎనిమిదవ వంతు బలములో ఒక నిమిషము ఆలస్యమైనచో అది ఇరువదవ పాలు. పొయ్యిమీద పాలు పొంగుచుండగా తలుపు తట్టిన చప్పుడైనచో ఎవ్వరైనను ఒక నిమిషము మఱతురు” అని యామె యనెను. నిజమే. చిక్కని మందులో పొరపాటునకు చోటులేదు. పలుచని మందు పొరపాటును కొంత మన్నించును.

మూడవసారి కలిగిన చిక్కు

ఒక్కసారి చేసి నమ్మరాదని ఉపాధ్యాయులు చెప్పుటచే ప్రయోగమును మఱి రెండుసార్లు చేసితిమి. రెండవసారి కాలములు మొదటివానికి సరిపోయెను. మూడవసారి మాత్రము ప్రతి పాత్రలోను కాలము దాదాపు రెట్టింపయ్యెను. కొలత తప్పినదని ఒకరి నొకరు నిందించుకొంటిమి. కొందఱు ఆ మూడవ లెక్కను వ్రాయకయే విడిచిపెట్టుదమనిరి. ఉపాధ్యాయులు దాని కొప్పుకొనలేదు. “సరిపడని లెక్కయే మనకేదో చెప్పుచున్నది, దానిని దాచిన ప్రయోగము ప్రయోగము కాదు” అనిరి.

వెదకగా కారణము దొరికెను. మూడవసారి వాడిన సీసాను ఎవరో వేసవి సెలవులకు ముందు మూత వదులుగ పెట్టి కిటికీలో విడిచిరి. ఎండయు వేడియు సోకిన బ్లీచు తనంతట తానే చెడును. అందలి హైపోక్లోరైటు క్రమముగ ఉప్పుగాను ఇతర పదార్థములుగాను మాఱును. పైనున్న ముద్ర మాత్రము మాఱదు! దీనిని నిర్ధారించుటకై, నూరు మిల్లీలీటర్ల నీటిలో కలము సిరా అయిదు చుక్కలు వేసి, ఆ నీలము పోవువఱకు బ్లీచును చుక్కచుక్కగా విడిచితిమి. క్రొత్త సీసానుండి 6 చుక్కలు చాలెను. పాత సీసానుండి 11 చుక్కలు పట్టెను.

ఇది మేమే కనిపెట్టిన యుపాయమని కొంత గర్వపడితిమి గాని, ఇన్నూఱు సంవత్సరములకు మునుపే ఇది వాడుకలో నుండెనని పిదప తెలిసినది. స్వీడను దేశమున షీలె యను రసాయనజ్ఞుడు 1774లో క్లోరిన్ వాయువును తయారుచేసెను. 1785లో ఫ్రాన్సు దేశీయుడగు బెర్తొలే అది రంగులను పోగొట్టునని చూపి, దానిని బట్టల మిల్లులవారి కుపయోగపఱచెను. అంతకుముందు ఐరోపాలో నారబట్టలను పచ్చికబయళ్ళపై పఱచి, ఎండలో నెలలతరబడి ఆరవేసి తెల్లచేయుచుండిరి. క్రొత్త మందు ఆ నెలలను గంటలు చేసినది. కాని బట్టలు కాలినట్లు చెడిపోవుటయు ఆరంభమయ్యెను. అప్పుడు దెక్రువాజిల్ అను ఫ్రెంచివాడు నీలిమందు ద్రావణమును వాడి, అది రంగు కోల్పోవుటను బట్టి ఆ ద్రవపు బలమును కొలుచు పద్ధతిని కల్పించెను. 1799లో స్కాట్లండునందు చార్లెస్ టెన్నెంటు బ్లీచింగు పౌడరుకు పేటెంటు పొందెను. బలమును కొలువనిదే బ్లీచును నమ్మరాదని ఆనాటి చాకిరేవులు నష్టపడి నేర్చుకొన్న పాఠమునే మేము కిటికీలోని సీసావలన నేర్చుకొంటిమి.

అన్ని రంగులు నొక్కటి కావు

తరువాత ఎనిమిదవ వంతు బలముగల ద్రావణములో వేఱువేఱు గుడ్డలను వేసి చూచితిమి. పసుపుతో తడిపిన తెల్లగుడ్డ మొదట ఎఱ్ఱబాఱి అందఱిని ఆశ్చర్యపఱచెను. బ్లీచునందు క్షారముండుటయే దీనికి కారణము. సున్నము తగిలిన పసుపు పారాణి యగుట మన యిండ్లలో నెఱిగినదే గదా. పిదప కొలది నిమిషములలో ఆ యెఱుపును పసుపును రెండును మాయమయ్యెను. నల్లని నూలుగుడ్డ తెల్లబడక ఇటుకరంగునకు తిరిగెను. పెక్కు నల్లని అద్దకములు పలురంగుల కలయిక. వానిలో త్వరగా తెగునవి ముందు పోవగా, ఓర్చునవి మిగిలి కనబడును. పాలియెస్టరు గుడ్డలో గంటసేపటికిని చెప్పుకొనదగిన మార్పు లేదు. దాని రంగు దారపు లోపలికి చొచ్చియుండుటచే మందు దానిని తేలికగా అందుకొనజాలదు. కావున బట్ట రంగు పోవుట మందుయొక్క గాఢతపై మాత్రమే గాక, అద్దకముపైనను దారముపైనను ఆధారపడియున్నదని తేలినది.

పట్టు, ఉన్ని గుడ్డలను మాత్రము మేము పరీక్షింపలేదు. అవి జంతుసంబంధమైన మాంసకృత్తులతో నేర్పడినవి. బ్లీచు వానిని పసుపుపచ్చగా మార్చి, కరగించి పాడుచేయునని శాస్త్రగ్రంథములు చెప్పుచుండగా, తెలిసి తెలిసి మంచి గుడ్డను నాశనము చేయనేల?

మన దేశపు అద్దకమువారికి ఈ రహస్యములు క్రొత్తవి కావు. మచిలీపట్నము ప్రాంతపు కలంకారీ పనివారు గుడ్డను పశువుల పేడ కలిపిన నీటిలో నానబెట్టి, ఉతికి, ఎండలో ఆరవేసి మెల్లగా తెల్లచేయుదురు. పిదప కరక్కాయతోను పాలతోను సిద్ధపఱచి, పటిక పూసిన చోట ఎఱుపు నిలుచునట్లు చేయుదురు. ఆ పద్ధతిలో తొందర లేదు, బట్టకు చేటును లేదు.

కంటికి కనబడని నష్టము

ఇక ఆ తల్లి యడిగిన ప్రశ్నకు వత్తుము: బట్ట ఎందుకు చినిగెను?

అదే నీలపుగుడ్డనుండి ఒక సెంటీమీటరు వెడల్పుగల పట్టీలను పొడవుగ కత్తిరించి, మూడు జట్లు చేసితిమి. మొదటి జట్టును వట్టి నీటిలో నుంచితిమి. రెండవ జట్టును ఎనిమిదవ వంతు బలములో 20 నిమిషము లుంచి, బాగుగ జాడించితిమి. మూడవ జట్టును ఆ బాలుడు చేసినట్లే పూర్తి బలములో ఆఱు గంటల కాల ముంచి, జాడించితిమి. అన్నియు ఆరిన పిదప ఒక్కొక్క పట్టీని పైన దూలమునకును క్రింద బకెట్టునకును కఱ్ఱపేళ్ళ నడుమ బిగించి, పట్టీ తెగువఱకు బకెట్టులో చెంబుతో నీరు పోసితిమి.

నీటిలో నుంచిన పట్టీలు సగటున 9 లీటర్లు మోసి తెగెను. రెండవ జట్టువి 8 లీటర్ల పైచిలుకు మోసెను. మూడవ జట్టువి 4 లీటర్లు నిండకమునుపే తెగెను. ఈ లెక్కలు మా గుడ్డకు, మా సీసాకు మాత్రమే చెందినవి. మఱియొక గుడ్డకు వేఱుగ నుండవచ్చును. కాని తారతమ్యము మాత్రము గదిలోని చివరి బల్లపై కూర్చున్న వానికిని స్పష్టముగ కనబడెను.

ఇందలి రహస్యము మొదట చెప్పిన మాటలోనే యున్నది. బ్లీచు చేయు పని త్రెంచుట. నూలు సెల్యులోసు అను పొడవైన గొలుసులతో నేర్పడినది. మందు మొదట తేలికగా తెగు రంగుకణములను వెదకి త్రెంచును. రంగు ముగిసిన పిదప అది పని మానదు. మిగిలిన బలముతో నూలుగొలుసులనే కొఱుకును. పూర్తి బలములో వేసిన ముక్క పావుగంట గడచునప్పటికే తెల్లబడినది. ఆఱు గంటల తరువాత తీసిన ముక్కయు అంతే తెలుపు. రెండింటిని ప్రక్కప్రక్కన ఉంచి చూచిన ఏది చెడినదో చెప్పుట ఎవ్వరికిని శక్యము కాలేదు. రంగు ఉన్నంతవఱకు అది మనకు గడియారమువలె పనిచేయును. అది పోయిన పిమ్మట ఎంత నష్టము జరిగినను కన్ను తెలుపజాలదు, బకెట్టు మాత్రమే తెలుపును. ఆ బాలుని చొక్కా మూడు వారములు బాగుగనే యున్నట్లు కనబడి, ఒక్క నిమిషమున చినుగుటకు కారణమిదియే.

మిగిలిన నీటి సంగతి

ప్రయోగము ముగిసినపుడు పాత్రలలోని ద్రవమును కాలువలో పోయబోతిమి. ఉపాధ్యాయులు వారించిరి. మన ప్రాంతమున కురిసిన వాననీరు మూసీ, ఈసీ నదులలో చేరి ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరులకు పోవును. 1908వ సంవత్సరపు మూసీ వరదలో హైదరాబాదు నగరమున వేలకొలది జనులు మరణించిన పిదప, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాపై ఆ యానకట్టల నిర్మాణమునకు పూనుకొనిరి. 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు పూర్తియై, నగరమునకు త్రాగునీ రిచ్చినవి. ఆ జలాశయముల రక్షణకై 1996లో వెలువడిన 111వ సంఖ్య ప్రభుత్వపు టుత్తరువు, మన ప్రాంతముతో కలిపి 84 గ్రామములలో కాలుష్యకరమైన పరిశ్రమలను నిషేధించినది. 2022లో 69వ సంఖ్య ఉత్తరువుతో ఆ నిర్బంధములు తొలగింపబడినవి. ఉత్తరువు మాఱినను నీరు పాఱు దారి మాఱలేదు. కావున మిగిలిన బ్లీచును సోడియం థయోసల్ఫేటు, అనగా ఫోటోలు కడుగువారు వాడిన హైపో, కలిపి నిర్వీర్యము చేసి, అయోడైడు పూసిన పిండికాగితము నీలబడుట మానువఱకు పరీక్షించి, పిమ్మట ధారాళముగ నీరు కలిపి విడిచితిమి.

బ్లీచు నిందింపదగిన వస్తువని చదువరులు తలపరాదు. 1847లో వియన్నా నగరపు ప్రసూతి వైద్యశాలలో సెమ్మెల్వైసు అను వైద్యుడు బ్లీచింగు పౌడరు కలిపిన నీటితో చేతులు కడుగుకొను నియమము పెట్టగా, బాలింతల మరణములు మిక్కిలి తగ్గినవి. నేడును త్రాగునీటిని రోగబీజములనుండి కాపాడునది క్లోరినే. అదే క్లోరిన్ వాయువును 1915వ సంవత్సరము ఏప్రిల్ 22వ తేదీన బెల్జియములోని ఈప్ర యుద్ధరంగమున విషముగ ప్రయోగించిరి. మందు ఒక్కటే, కొలతయు ఉద్దేశమును వేఱు.

ఇండ్లలో పాటింపదగిన నియమములు

1. బ్లీచును ఎన్నడును నీరు కలుపక బట్టపై పోయరాదు. ముందు నీరు, పిదప మందు, ఆ పిదప బట్ట.
2. బట్టయొక్క లోపలి అంచున, కనబడని మూల, ఒక్క చుక్క వేసి చూడవలెను.
3. మరక పోయినంతనే తీసి, పలుమాఱులు మంచినీటిలో జాడింపవలెను. రాత్రి నానబెట్టి నిద్రింపరాదు.
4. పట్టు, ఉన్ని బట్టలకు దీనిని తగిలింపరాదు.
5. మరుగుదొడ్లు కడుగు ఆమ్లముతో గాని, అమ్మోనియా గల ద్రవముతో గాని బ్లీచును కలుపరాదు. అట్లు కలిపిన విషవాయువులు పుట్టి ఊపిరితిత్తులను చెఱచును.
6. వట్టిచేతులతో ముట్టరాదు, చేతికి రబ్బరు తొడుగులు, పనిచోట గాలి యుండవలెను. కంటిలో పడినచో వెంటనే ధారగా పారు మంచినీటితో పావుగంటసేపు కడిగి వైద్యుని కడకు పోవలెను. మా ప్రయోగములో బ్లీచును పోసిన పని యంతయు, తెరచిన వరండాలో, కండ్లద్దములు ధరించి, ఉపాధ్యాయులే చేసిరి.
7. సీసాను చల్లని చీకటి చోట, పిల్లల కందకుండ, మూత బిగించి యుంచవలెను.

ముగింపు

విజ్ఞాన ప్రదర్శన దినమున ఆ తల్లి వచ్చెను. ఆమె కొడుకే బల్లకడ నిలిచి, పట్టీలను బిగించి, చెంబుతో నీరు పోసి చూపెను. తెల్లని పట్టీ పుటుక్కున తెగి బకెట్టు నేలపై పడినపుడు ఆమె కొంతసేపు మాటలాడలేదు. తెగిన కొసను వ్రేళ్ళతో నలిపి చూచి, “నేను కొత్త బట్ట ఏదైన కొంగు మూలకు చుక్క వేసి చూసినంకనే ముట్టుత. వానికి ఆ మాట చెప్పలే. వాడు నన్ను అడగలే” అనెను. తరువాత కొడుకు తలపై చేయివేసి, వట్టి బకెట్టును తానే లేపి యిచ్చెను.

మేము రెండు వారములు శ్రమపడి తెలిసికొన్న రెండవ నియమము ఆమెకు చిన్ననాటినుండియే తెలియును. అయితే ఆ మూల చుక్క యెందుకు వేయవలెనో, ఎంతసేపు చూడవలెనో, రంగు పోయిన తరువాత ఏమి జరుగునో మా పాత్రలును మా బకెట్టును చెప్పినవి. తప్పు మందుది కాదు, బాలునిది సగమే. కొలత తెలియకపోవుటయే అసలు తప్పు. ఇంటివారిని అడిగి తెలిసికొనుటకును, పాఠశాలలో పరీక్షించి తెలిసికొనుటకును మన మలవాటుపడుదుము గాక. ఈ లెక్కలను నమ్మక, మీ యింటి పాతగుడ్డ ముక్కతో, పెద్దలు ప్రక్కనుండగా, మీరును చేసి చూడుడు. మీ లెక్క మా లెక్కతో సరిపడనిచో దానిని కొట్టివేయక వ్రాసి పంపుడు. వచ్చు సంవత్సరపు తొమ్మిదవ తరగతివారికి అదియే మొదటి పాఠమగును.